రికార్డర్ ఆపాక మొదలయ్యే మాటలు

కొన్నాళ్లు సినిమా వాళ్ల ఇంటర్వ్యూల ఆడియో విని టైప్ చేసే పని చేశాను. గొప్ప పనేం కాదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినడం, కొట్టడం, అంతే. 40 నిమిషాల ఆడియోలో 38 నిమిషాల పాటు తర్వాతి మాట ఏం రాబోతోందో నాకే ముందుగా తెలిసిపోయేది. డైరెక్టర్ గారి విజన్, టీమంతా ఒక ఫ్యామిలీ, ప్రొడ్యూసర్ ఎక్కడా కాంప్రమైజ్ కాలేదు, ఈ పాత్ర నాకో ఛాలెంజ్. ఆ తర్వాత "సరే అండీ, థాంక్యూ" అని వినిపించేది, కుర్చీ జరిగిన చప్పుడయ్యేది, రికార్డర్ ఇంకా తిరుగుతోందన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు, అప్పుడు అదే గొంతు కాస్త కిందికి దిగి "అసలేం జరిగిందో తెలుసా..." అని మొదలుపెట్టేది. ఆ చివరి రెండు నిమిషాలు టైప్ చేయొద్దని నాకు మొదటి రోజే చెప్పి ఉంచారు.

సినిమా వాళ్లు నిజం మాట్లాడరని మనం తేలిగ్గా అనేస్తాం. భజన బ్యాచ్ అంటాం, దమ్ము లేదంటాం. నేనూ అన్నవాణ్నే. ఆ రెండు నిమిషాల గొంతులు చాలా విన్నాక మాత్రం అభిప్రాయం మారింది. చెప్పాలని వాళ్లకి ఉంటుంది, ఒక్కోసారి కడుపు ఉబ్బిపోయేంత ఉంటుంది. కానీ చెబితే తమకి ఎంత ఖర్చవుతుందో వాళ్లకి పైసలతో సహా తెలుసు. ఆ ఖర్చు లెక్క బయట ఉన్న మనకి కనిపించదు, అందుకే అదంతా పిరికితనంలా కనిపిస్తుంది.

మామూలు ఉద్యోగి మేనేజర్‌తో గొడవపడితే రాజీనామా చేసి ఇంకో కంపెనీలో చేరతాడు. అక్కడి మేనేజర్‌కి పాత గొడవ తెలియదు, తెలిసినా పట్టించుకోడు. సినిమాల్లో, సీరియళ్లలో, సంగీతంలో అలా కుదరదు. పేరుకి బ్యానర్ ఉంటుంది గానీ ప్రతి ప్రాజెక్టుకీ వందల మంది కొత్తగా పోగవుతారు, షూటింగ్ అయిపోగానే ఎవరి దారి వాళ్లది. అంటే కెమెరామన్ నుంచి కాస్ట్యూమ్ అసిస్టెంట్ దాకా చాలామంది ఏడాదికి రెండు మూడు సార్లు నిరుద్యోగులవుతారు. తర్వాతి పని నోటి మాట మీదే వస్తుంది. "ఆ అబ్బాయి ఎలా చేస్తాడు?" అని ఒకరు ఇంకొకరికి ఫోన్ చేసి అడుగుతారు. అవతలి మనిషి "పని బాగా చేస్తాడు గానీ..." అని ఆ "గానీ" దగ్గర ఆగితే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

పైగా నిన్ను తీసుకోవట్లేదు అని ఎవరూ మొహం మీద చెప్పరు. డేట్స్ కుదర్లేదు, బడ్జెట్ తగ్గింది, వేరే లుక్ అనుకుంటున్నాం, వచ్చే ప్రాజెక్టులో తప్పకుండా చూద్దాం. ప్రతి కారణమూ నమ్మదగ్గట్టే ఉంటుంది, అసలు చిక్కంతా అక్కడే ఉంది. కోర్టుకి వెళ్దామన్నా చేతిలో ఏం ఉంటుంది, ఫోన్ రాలేదని కేసు పెడతామా?

దీనికి బయటపడ్డ ఉదాహరణ ఒకటుంది, నాకు తెలిసి ఇంత స్పష్టంగా బయటపడ్డవి చాలా అరుదు. మీరా సోర్వీనోకి 1996లో ఆస్కార్ వచ్చింది. ఆష్లీ జడ్ అప్పటికి మంచి ఊపులో ఉన్న హీరోయిన్. తర్వాత ఇద్దరికీ పెద్ద అవకాశాలు పలచబడ్డాయి. ఎందుకన్నది వాళ్లకే కచ్చితంగా తెలియదు. 2017 డిసెంబర్‌లో దర్శకుడు పీటర్ జాక్సన్ ఒక ఇంటర్వ్యూలో పాత సంగతి చెప్పారు: 1990ల చివర్లో 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' కోసం నటుల్ని వెతుకుతున్నప్పుడు, వీళ్లిద్దరితో పనిచేయడం నరకం, దూరంగా ఉండండి అని నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ నడిపే మిరామాక్స్ సంస్థ వాళ్లు తమకి చెప్పారని, అప్పుడు నమ్మేశామని. వైన్‌స్టీన్ తమని లైంగికంగా వేధించాడని బయటపెట్టినవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు. వైన్‌స్టీన్ తరఫువాళ్లు కాదన్నారు. సోర్వీనో మాత్రం అది చదివి ఏడ్చేశానని రాశారు. ఒక్క వాక్యం ఎక్కడో ఒక గదిలో పడింది, దాని సంగతి ఆ మనిషికి చేరడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. వీళ్లు పేరున్న తారలు. లైట్‌మన్ సంగతి, రెండో అసిస్టెంట్ డైరెక్టర్ సంగతి ఎవరికి తెలుస్తుంది?

అందరి కథలూ ఇంత చీకటిగా ఉండక్కర్లేదు. చాలా మామూలు అభిప్రాయానికి కూడా బిల్లు వస్తుంది. కేథరీన్ హైగల్ తను నటించి హిట్టయిన 'నాక్డ్ అప్' గురించి 2008లో వ్యానిటీ ఫెయిర్ పత్రికతో మాట్లాడుతూ, సినిమా కాస్త సెక్సిస్ట్‌గా ఉందని, అందులో ఆడవాళ్లని సరదా తెలియని చిరాకు మనుషుల్లా చూపించారని అన్నారు. అంతే. ఒక ప్రేక్షకురాలు హాల్లోంచి బయటికొస్తూ అనగలిగే మాట అది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమెకి "డిఫికల్ట్" అన్న ముద్ర పడిపోయింది. ఈ డిఫికల్ట్ అన్న మాటని జాగ్రత్తగా వినాలి, పరిశ్రమలో దానికి నిఘంటువులో లేని అర్థం ఒకటుంది. సెట్‌కి నాలుగు గంటలు లేటుగా వచ్చే పెద్ద హీరో డిఫికల్ట్ కాడు, ఆయన స్టార్. లేటెందుకైంది అని అడిగిన అమ్మాయి డిఫికల్ట్.

ఒకప్పుడు ఇదంతా బహిరంగంగానే జరిగింది. 1947లో మీరు కమ్యూనిస్టులా అని అడిగిన అమెరికన్ కాంగ్రెస్ కమిటీకి జవాబు చెప్పడానికి నిరాకరించిన పదిమందికి ఇక పని ఇవ్వబోమని హాలీవుడ్ స్టూడియో అధిపతులు ఏకంగా ప్రకటన విడుదల చేశారు. వాళ్లలో ఒకడైన రచయిత డాల్టన్ ట్రంబో దొంగ పేర్లతో రాసి బతికాడు, రాబర్ట్ రిచ్ అన్న పేరు మీద రాసిన కథకి ఆస్కార్ కూడా వచ్చింది, తీసుకోవడానికి మనిషి రాలేదు. సొంత పేరు తెర మీద మళ్లీ పడింది 1960లో. అప్పుడు కనీసం జాబితా ఉంది, జాబితాలో పేరు ఉందని తెలిసేది.

ఇక కాగితాల సంగతి. మాట్లాడొద్దని రాయించుకునే ఒప్పందాలని ఎన్‌డీఏ అంటారు, వినోద రంగంలో ఇవి స్క్రిప్టు చదవడానికి ముందే సంతకానికి వస్తాయి. కథ లీక్ కాకూడదు, అది న్యాయమే. సమస్య ఏమిటంటే కథని కాపాడ్డానికి పుట్టిన కాగితం మెల్లగా మనుషుల్ని కాపాడ్డం మొదలుపెట్టింది, అదీ కాపాడాల్సిన మనుషుల్ని కాదు.

జెల్డా పెర్కిన్స్ కథ తీసుకోండి. 1998లో ఆమె లండన్‌లో మిరామాక్స్ ఆఫీసులో హార్వీ వైన్‌స్టీన్‌కి అసిస్టెంట్, వయసు పాతికేళ్లలోపు. తనతో పనిచేసే అమ్మాయి, వైన్‌స్టీన్ తనపై అత్యాచారయత్నం చేశాడని చెప్పడంతో ఇద్దరూ ఉద్యోగం వదిలేసి లాయర్ల దగ్గరికి వెళ్లారు. అది పోలీసు కేసు దాకా వెళ్లకుండా ఒప్పందంతో ముగిసింది, ఇద్దరికీ కలిపి 2,50,000 పౌండ్లు. షరతులు ఎలా ఉన్నాయంటే, ఈ విషయం గురించి ఆమె తన డాక్టర్‌తో మాట్లాడాలన్నా ముందు ఆ డాక్టర్ కూడా రహస్యం ఉంచుతానని సంతకం పెట్టాలి. ఆ ఒప్పందం పూర్తి కాపీ ఆమె దగ్గర ఉంచుకోవడానికి వీల్లేదు. ఒక్కసారి ఆలోచించండి, మీరు జీవితాంతం ఏం మాట్లాడకూడదో రాసిన కాగితం మీ ఇంట్లో ఉండకూడదు. ఏది చెబితే తప్పో ఖచ్చితంగా గుర్తులేని మనిషి చేసే పని ఒకటే, ఏదీ చెప్పకపోవడం. ఆమె ఆ ఒప్పందాన్ని తెంచుకుని బయటికి మాట్లాడింది 2017 అక్టోబర్‌లో, అంటే 19 ఏళ్ల తర్వాత, అది కూడా న్యూయార్క్ టైమ్స్ అదే నెల 5న వైన్‌స్టీన్ కథనం వేశాకే.

తర్వాత చట్టాలు కొంచెం కదిలాయి. లైంగిక వేధింపుల కేసుల్లో జరిగిన వాస్తవాల్ని రహస్యంగా ఉంచే సెటిల్‌మెంట్ షరతులకి కాలిఫోర్నియా 2019 నుంచి అడ్డుకట్ట వేసింది. 2022 డిసెంబర్‌లో అమెరికా ఫెడరల్ స్థాయిలో స్పీక్ అవుట్ చట్టం వచ్చింది. అయితే ఆ ఫెడరల్ చట్టం, గొడవ రాకముందే ఉద్యోగంలో చేరేటప్పుడు రాయించుకున్న ఎన్‌డీఏలకే వర్తిస్తుంది. గొడవ అయ్యాక డబ్బులిచ్చి రాయించుకున్నవి దాని కిందికి రావు. లైంగిక వేధింపులకి సంబంధం లేనివి, అంటే జీతం ఎగ్గొట్టారు, నా కథ కొట్టేశారు, సెట్‌లో భద్రత లేదు లాంటివి చెప్పాలన్నా ఈ చట్టాలు పెద్దగా పనికిరావు.

సంతకం పెట్టకపోయినా పరువునష్టం దావా ఉండనే ఉంది. నటి ఆంబర్ హర్డ్ 2018 డిసెంబర్‌లో గృహహింస గురించి వాషింగ్టన్ పోస్ట్‌లో రాసిన వ్యాసంలో మాజీ భర్త, నటుడు జానీ డెప్ పేరు ఎక్కడా లేదు. అయినా 2022 జూన్‌లో వర్జీనియా జ్యూరీ అది ఆయన పరువు తీసిందని తేల్చి కోటి డాలర్ల నష్టపరిహారం వేసింది, పైన శిక్షగా ఇంకొంత. అంతకు రెండేళ్ల ముందు లండన్‌లో డెప్ ఒక పత్రిక మీద వేసిన కేసులో జడ్జి పత్రిక వైపే తీర్పిచ్చారు. వర్జీనియా జ్యూరీ కూడా డెప్ లాయర్ అన్న ఒక మాటకి హర్డ్‌కి 20 లక్షల డాలర్లు ఇవ్వాలంది. ఎవరిది తప్పు అన్న చర్చలోకి నేను దిగను, ఇప్పటికే చాలామంది దిగారు. కానీ ఆ విచారణని వారాల తరబడి లైవ్‌లో చూసిన ఒక జూనియర్ ఆర్టిస్టు ఏం నేర్చుకుని ఉంటుంది? పేరు రాయకపోయినా కోర్టు మెట్లు ఎక్కాల్సి రావచ్చని, లోకమంతా తన మీద మీమ్స్ చేస్తుందని. భారతదేశంలో అయితే పరువునష్టం క్రిమినల్ నేరం కూడా, సుప్రీంకోర్టు 2016లో దాన్ని సమర్థించింది, కొత్త భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్‌గా అది కొనసాగుతోంది. కేసు నిలుస్తుందా లేదా అన్నది తర్వాత. వాయిదాలకి తిరగడమే సగం శిక్ష.

ఇప్పటిదాకా ఎక్కువగా వేధింపుల గురించే మాట్లాడాను, ఎందుకంటే రికార్డుల్లోకి ఎక్కినవి ఎక్కువగా అవే. నోరు విప్పకపోవడం రోజువారీగా ఎక్కువ పనిచేసేది మాత్రం డబ్బు దగ్గర. సినిమా ఎంతకి తీశారు, ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ముట్టింది అన్న మూడు ప్రశ్నలకి నిజమైన జవాబు తెలిసినవాళ్లు ఒక సినిమాకి పదిమంది కూడా ఉండరేమో. పోస్టర్ మీద వేసే అంకె వేరు, పంచుకునే లెక్క వేరు. హాలీవుడ్‌లో ఈ విద్య ఎంత ముదిరిందో చెప్పడానికి హాస్య రచయిత ఆర్ట్ బుక్వాల్డ్ కేసు చాలు. 'కమింగ్ టు అమెరికా' సినిమా తన ఆలోచనే అని ఆయన 1988లో పారమౌంట్ మీద దావా వేశాడు. 1990లో కోర్టు ఆయన పక్షాన నిలిచింది. అప్పుడు స్టూడియో అంది, సరే, ఒప్పందం ప్రకారం నికర లాభంలో వాటా ఇస్తాం, కాకపోతే సినిమాకి నికర లాభమే రాలేదు. ప్రపంచమంతా కలిపి 28 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసిన సినిమా అది! ఆ లాభం లెక్కగట్టే పద్ధతి మనస్సాక్షి ఒప్పుకోని అన్యాయమని కోర్టు తేల్చింది. ఆ లెక్కల పద్ధతి పరిశ్రమలో అందరికీ తెలిసిందే, తెలియనిది బయటివాళ్లకే. ఒక హాస్య రచయిత స్టూడియోతో తెగించి కోర్టుకెక్కితే గానీ పుస్తకాలు తెరుచుకోలేదు.

దక్షిణ కొరియాలో ప్రభుత్వ ఫిల్మ్ కౌన్సిల్ నడిపే కోబిస్ అనే వ్యవస్థ ఉంది, థియేటర్లలో తెగిన టికెట్ల లెక్క అందులో ఎవరైనా చూసుకోవచ్చు. అలాంటిది లేని చోట ట్రేడ్ వర్గాలు, ట్రాకర్లు, ఫ్యాన్స్, నిర్మాతల పీఆర్‌వోలు తలా ఒక అంకె చెప్తారు. ఓటీటీలు వచ్చాక ఇదింకా ముదిరింది. నెట్‌ఫ్లిక్స్ తన సినిమాలూ సిరీస్‌లూ జనం ఎన్నెన్ని గంటలు చూశారో మొదటిసారి పూర్తి స్థాయిలో బయటపెట్టింది 2023 డిసెంబర్‌లో, 18,000కి పైగా టైటిల్స్‌కి. అంతకుముందు వరకు చాలా సిరీస్‌లు రాసిన రచయితలకి కూడా అవి హిట్టో ఫట్టో సరిగ్గా తెలిసేది కాదు. 2023లో అమెరికా రచయితలు 148 రోజులు సమ్మె చేసి గెలుచుకున్న వాటిలో ఈ వీక్షణల డేటా ఒకటి. కానీ ఆ డేటా ఎవరికిస్తారు? యూనియన్‌కి, గోప్యతా ఒప్పందం మీద! నోరు తెరిపించడానికి అయిదు నెలల సమ్మె చేస్తే చేతికొచ్చింది మళ్లీ ఒక ఎన్‌డీఏ.

పరిశ్రమ నిజంగా ఎలా మాట్లాడుకుంటుందో లోకానికి తెలిసిన సందర్భం ఒకటుంది, అది ఇంటర్వ్యూ కాదు, దొంగతనం. 2014 నవంబర్‌లో సోనీ పిక్చర్స్ కంప్యూటర్లు హ్యాక్ అయ్యి ఈమెయిల్స్ కుప్పలుగా బయటపడ్డాయి. స్టేజీల మీద ఒకరినొకరు పొగుడుకునేవాళ్లు మెయిల్స్‌లో ఎలా తిట్టుకుంటారో అందరూ చదివారు. పారితోషికాల గుట్టు కూడా తేలింది. 'అమెరికన్ హజిల్'లో లాభాల వాటా కింద మగ నటులకి 9 శాతం చొప్పున రాసి, జెన్నిఫర్ లారెన్స్‌కి, ఎమీ ఆడమ్స్‌కి 7 శాతం చొప్పున రాశారు. లారెన్స్ తర్వాతి ఏడాది దాని మీద ఒక వ్యాసం రాస్తూ, బేరం దగ్గర తాను గట్టిగా నిలబడకపోవడానికి ఒక కారణం మొండిది అనో గారాబం పిల్ల అనో అనిపించుకోకూడదన్న భయం అని ఒప్పుకున్నారు. ప్రపంచంలో అత్యధిక పారితోషికం తీసుకునే నటీమణుల్లో ఒకరికి ఉన్న భయం అది. నైతికంగా ఆ హ్యాక్‌ని నేను సమర్థించను. కానీ ఆ మెయిల్స్ చదివినంత ఆసక్తిగా ఏ నటుడి ఇంటర్వ్యూ అయినా చదివానా అంటే, లేదు.

వినేవాళ్ల వైపు కూడా తప్పుంది. సినిమా విడుదలకి ముందు జంకెట్ అని పెడతారు. ఒక హోటల్ గదిలో నటుడు, వెనక సినిమా పోస్టర్, రెండు కెమెరాలు ముందే బిగించి ఉంటాయి, అవి కూడా చాలాసార్లు నిర్మాణ సంస్థవే. విలేకరులు కారిడార్‌లో కుర్చీల్లో వరసగా కూర్చుంటారు. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు. గదిలో ఒక మూల పీఆర్ అమ్మాయి ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ఉంటుంది, ఇష్టం లేని ప్రశ్న వస్తే దగ్గుతుంది, ఇంకా ఇష్టం లేకపోతే "లాస్ట్ క్వశ్చన్ ప్లీజ్" అంటుంది. నటుడు పొద్దుటి నుంచి అరవై సార్లు అదే జవాబు చెప్పి ఉంటాడు. ఇందులో మనసు విప్పి మాట్లాడటానికి చోటెక్కడుంది? 2015లో బ్రిటన్ చానల్ 4 విలేకరి కృష్ణన్ గురుమూర్తి, రాబర్ట్ డౌనీ జూనియర్‌ని పాత వ్యసనాల గురించి, తండ్రి గురించి అడిగితే ఆయన లేచి వెళ్లిపోయారు. ఆయన్నేం తప్పు పట్టను, సూపర్‌హీరో సినిమా ప్రచారానికి వచ్చిన మనిషిని గాయాల గురించి అడిగితే ఇబ్బందే. విలేకరినీ తప్పు పట్టలేను, ఆ నాలుగు నిమిషాలు తప్ప ఆ మనిషి ఇంకెప్పుడు దొరుకుతాడు?

మాట వినని విలేకరికి తర్వాతి ఆహ్వానం రాదు. 2017 నవంబర్‌లో డిస్నీ, తన వ్యాపార వ్యవహారాల మీద లాస్ ఏంజెలెస్ టైమ్స్ రాసిన కథనాలు నచ్చక, ఆ పత్రికవాళ్లని ముందస్తు షోలకి రానివ్వలేదు. మిగతా విమర్శకులు, విమర్శకుల సంఘాలు మేమూ రాము, మీ సినిమాలకి మా అవార్డులూ ఇవ్వం అని ఎదురుతిరిగాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అలా అందరూ కలిసి ఎదురుతిరిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మామూలుగా ఏం జరుగుతుందో తెలియాలంటే జపాన్ వైపు చూడాలి.

జానీ కిటగావా అక్కడ అబ్బాయిల పాప్ బృందాలని తయారుచేసిన మహా శక్తిమంతుడు. ఆయన మైనర్ అబ్బాయిలపై లైంగిక దాడులు చేస్తున్నాడని షూకన్ బున్‌షున్ అనే వారపత్రిక 1999లో వరస కథనాలు వేసింది. కిటగావా సంస్థ దావా వేసింది. 2003లో టోక్యో హైకోర్టు ఆ ఆరోపణల్లో ముఖ్యమైన భాగం నిజమేనని చెప్పింది, 2004లో సుప్రీంకోర్టు అప్పీలుని తోసిపుచ్చింది. చూడండి, ఇక్కడ రహస్యం ఏమీ లేదు. బాధితులు మాట్లాడారు, పత్రిక రాసింది, కోర్టు ఔనంది. అయినా టీవీ చానళ్లు, పెద్ద పత్రికలు కిక్కురుమనలేదు, ఎందుకంటే ఆ సంస్థ కళాకారులు లేకపోతే వాళ్ల షోలు నడవవు. 2019లో ఆయన పోయినప్పుడు ఘనంగా వీడ్కోలు సభ జరిగింది, ప్రధానమంత్రి సందేశం పంపారు. 2023 మార్చిలో బీబీసీ డాక్యుమెంటరీ వచ్చాక గానీ కదలిక లేదు, సెప్టెంబర్‌లో సంస్థ ఒప్పుకుంది, వందల మంది ముందుకొచ్చారు. సంస్థే నియమించిన విచారణ బృందం కూడా మీడియా మౌనాన్ని ఒక కారణంగా రాసింది. "ఎవరూ నోరు విప్పలేదు" అని మనం అనే చాలా కేసుల్లో నిజానికి ఎవరో ఒకరు విప్పే ఉంటారు. వినాల్సినవాళ్లకి ఆ రోజు వేరే పనుండి ఉంటుంది.

మరి రోజూ మనం చదివే "సన్నిహిత వర్గాల సమాచారం", "ఇన్‌సైడ్ టాక్" అంతా ఎవరు చెప్తున్నట్టు? చాలాసార్లు పీఆర్‌వోనే. ఫలానా హీరో ఈ కథ వద్దన్నాడని వార్త వస్తే, అది హీరో మనిషి చెప్పాడా, కథ అమ్ముకోలేని నిర్మాత చెప్పాడా, ఆ పాత్ర కోసం చూస్తున్న ఇంకో హీరో మేనేజర్ చెప్పాడా అన్నది తెలియకుండా ఆ వార్తకి అర్థమే లేదు. పేరు వేయొద్దు అన్న షరతు భయపడే చిన్నవాడికి గొడుగులాంటిది, కరెక్టే, కానీ ఆ గొడుగు కింద ఎక్కువ మంది పెద్దవాళ్లే నిలబడి ఉంటారు. రిటైరైనవాళ్లు స్వేచ్ఛగా మాట్లాడతారు, వినడానికి బాగుంటుంది కూడా, అయితే అప్పటికి సగం మంది పోయుంటారు, కాదనేవాళ్లు ఉండరు, పాత పగలు బాగా పండి ఉంటాయి. ఈమధ్య పాడ్‌కాస్టుల్లో నటీనటులు రెండు మూడు గంటలు కూర్చుని డిప్రెషన్ గురించి, విడాకుల గురించి, చిన్నప్పటి పేదరికం గురించి మాట్లాడుతున్నారు. వాటిల్లో కొన్ని నిజంగా మనసుని తాకుతాయి. ఒక్కటి గమనించండి, వాళ్లు తమ గురించి ఎంతైనా చెప్తారు, ఇంకా సినిమాలు తీస్తున్న మనిషి గురించి మాత్రం పేరు పెట్టి ఒక్క ముక్క చెప్పరు. కన్నీళ్లకి పెద్ద ఖర్చు కాదు. ఫలానా నిర్మాత నాకు చివరి చెక్కు ఇవ్వలేదు అన్నదానికే ఖర్చు.

ఇంత కట్టుదిట్టంలోనూ అప్పుడప్పుడు నిజం బయటపడుతుంది కదా, అది ఎలా జరుగుతుందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మొదట మాట్లాడేది తెర మీద కనిపించే మనుషులు కారు, లెక్కలు రాసేవాళ్లు. వైన్‌స్టీన్ కథనం రాసిన జోడీ కాంటర్, మేగన్ టూహీ తర్వాత తమ పుస్తకంలో ఇర్విన్ రైటర్ అనే అకౌంటెంట్ గురించి చెప్పారు. వైన్‌స్టీన్ దగ్గర దాదాపు 30 ఏళ్లు పనిచేసిన మనిషి. కాంటర్‌ని రాత్రిపూట కలిసేవాడు, కొంచెం చెప్పేవాడు, వెనక్కి తగ్గేవాడు. లోపల ఒక ఉద్యోగిని వైన్‌స్టీన్ ప్రవర్తన మీద కంపెనీకి రాసిన ఫిర్యాదు ఉంది, దాని గురించి అన్నాడు గానీ ఇవ్వలేదు. చివరికి ఒక రాత్రి దాన్ని తన ఫోన్‌లో తెరిచి, ఆ ఫోన్ ఆమె చేతికిచ్చి, బాత్‌రూమ్‌కి వెళ్లొస్తానని లేచాడు. ఇస్తున్నాను అనలేదు, తీసుకోండి అనలేదు. వెళ్లాడు, వచ్చాడు. ఆ లోపు ఆమె చేయాల్సింది చేసింది. ముప్పై ఏళ్ల భయం, సిగ్గు, కోపం అన్నీ కలిస్తే మనిషి ఎలా మాట్లాడతాడు అంటే ఇలా మాట్లాడతాడు, నోటితో కాదు.

రెండో దారి, ఒక్కరే కాకుండా కలిసి చెప్పడం. ఒక్కరు చెబితే "అవకాశాలు రాక ఆరోపణలు" అంటారు, పదిమంది ఒకేసారి అదే కథ చెబితే ఆ మాట అనడం కష్టం. కేరళలో 2017లో ఒక నటిపై దాడి జరిగాక విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్ ఏర్పడింది, వాళ్ల ఒత్తిడితో ప్రభుత్వం అదే ఏడాది మలయాళ సినిమాల్లో ఆడవాళ్ల పరిస్థితి తెలుసుకోవడానికి జస్టిస్ హేమ కమిటీ వేసింది. మన తెనాలి అమ్మాయి, ఊర్వశి శారద అందులో సభ్యురాలు. తలుపులు మూసిన గదిలో, పేర్లు బయటికి రావన్న హామీ మీద మనుషులు మాట్లాడారు. 2019 డిసెంబర్ 31న నివేదిక ముఖ్యమంత్రికి చేరింది. జనం చేతికి వచ్చింది మాత్రం 2024 ఆగస్టు 19న, అదీ సమాచార కమిషన్ ఆదేశిస్తే, కొన్ని పేజీలు తీసేసి. ఆ నెలలోనే, తెలుగు పరిశ్రమ మీద తెలంగాణ ఉపసంఘం ఇచ్చిన నివేదికని కూడా బయటపెట్టమని సమంత అడిగారు.

హేమ కమిటీ నివేదిక వచ్చిన కొత్తలో మలయాళ నటీనటుల సంఘం కార్యవర్గం మొత్తం రాజీనామా చేసింది, ప్రత్యేక దర్యాప్తు బృందం రంగంలోకి దిగింది, కమిటీకి ఇచ్చిన వాంగ్మూలాల ఆధారంగా 30కి పైగా కేసులు నమోదయ్యాయి. పోలీసులు ఆ మనుషుల దగ్గరికి వెళ్లి, కమిటీకి చెప్పిందే మాకూ చెప్పండి అన్నారు. ఎక్కువమంది ఒప్పుకోలేదు. 2025 జూన్ నాటికి ఆ కేసులు మూసేస్తున్నామని ప్రభుత్వం హైకోర్టుకి చెప్పింది. వాళ్లు కమిటీ ముందు చెప్పింది అబద్ధమని ఎవరూ అనలేదు. ఆ గదిలో పేరు అక్కర్లేదన్నారు, ఈ కాగితం మీద పేరు రాసి కింద సంతకం పెట్టమన్నారు.